వెలివేసిన దేశం, వలస పోయిన ఆడవాళ్ళు

'ఆర్థిక ఆంక్షలు' అన్న మాట మనకు పత్రికల ద్వారా వచ్చింది. మన ఊళ్ళకు ఎప్పట్నించో తెలిసిన మాట ఇంకొకటి ఉంది. అది వెలి. అంగట్లో సరుకు ఇవ్వరు. కూలికి పిలవరు. బావి దగ్గరికి రానివ్వరు. ఎవరూ ఎవర్నీ కొట్టరు, కత్తి దూయరు. అందుకే వెలి హింసలాగా కనపడదు. కానీ వెలి పడిన ఇంట్లో ఆ సంగతి అందరికంటే ముందు తెలిసేది పొయ్యి ముట్టించే మనిషికే. నీళ్ళు ఎక్కణ్ణించి తేవాలో, పిల్లలకు రాత్రికి ఏం పెట్టాలో ఆమే చూసుకోవాలి గనక.

గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న దళితుల్ని ఊచకోత కోయడానికి ముందు అక్కడ జరిగింది ఈ వెలే. అంతకు సరిగ్గా ఏడాది ముందు, 1990 ఆగస్టు 6న, ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 661వ తీర్మానం చేసి ఒక దేశం మొత్తాన్ని వెలివేసింది. ఈ రెంటినీ ఒక గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. చుండూరులో వెలివేసినవాళ్ళు బలవంతులు, వెలి పడినవాళ్ళు తమ హక్కు అడిగినవాళ్ళు. ఇరాక్ విషయంలో వెలికి కారణం పొరుగు దేశాన్ని ఆక్రమించిన ఒక నియంత. న్యాయం ఎటువైపు ఉందన్నది రెండుచోట్లా వేరు. పనిచేసే తీరు మాత్రం ఒకటే. ఎవరిని లొంగదీయాలనుకున్నారో అతని దాకా చేరేలోపు వెలి లక్షల వంటిళ్ళను దాటుకుంటూ పోతుంది.

ఆ వంటిళ్ళలో కొన్ని మనవి కూడా. కడప జిల్లా నుంచి వెళ్ళిన ఆడవాళ్ళు కువైట్‌లో వండుతూ ఉన్న వంటిళ్ళవి.

1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో డబ్బు పోగుపడ్డాక కడప జిల్లాకూ కువైట్‌కూ ఒక దారి పడింది. రాజంపేట, రాయచోటి వైపు నుంచి వలస ఎక్కువ. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు నుంచి కూడా పోయారు. పెన్నా పారే సీమే అయినా ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనిపించే ఏరు అది. పులివెందుల చుట్టూ వానను నమ్ముకుని వేరుశనగ వేసే చేలు. జమ్మలమడుగు వైపు నల్లరేగడి. మగవాళ్ళు డ్రైవర్లుగా, కట్టుబడి పనులకు పోతే, ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికి పోయారు. అక్కడ వాళ్ళకున్న పేరు 'ఖద్దామా'. ఈ మాట ఇవాళ కడప జిల్లా పల్లెల్లో అర్థం చెప్పాల్సిన అవసరం లేని మాట. 'కఫీల్', 'అకామా' కూడా అంతే. ఒక భాషలోకి పరాయి మాటలు ఎవరి చెమటతో వస్తాయో చూడాలంటే ఈ మూడు మాటలు చాలు.

కువైట్ 1964లో చేసుకున్న కార్మిక చట్టం ఇంటిపని వాళ్ళను తన పరిధిలోంచి తప్పించింది. ఇంటిపని వాళ్ళ కోసం విడిగా ఒక చట్టం (2015 నాటి 68వ నంబరు చట్టం) రావడానికి అర్ధ శతాబ్దం పట్టింది. అంటే 1990లో ఆ ఇళ్ళల్లో పనిచేస్తున్న మన ఆడవాళ్ళు చట్టం కళ్ళకు కార్మికులే కారు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండేది. జీతం లెక్క చాలామందికి యజమానురాలి నోటి మాటే. ఇక్కడ ఇంట్లో చేసే చాకిరీ 'పని' కాదని మనం దశాబ్దాలుగా వాదిస్తూ వస్తున్నాం కదా, సముద్రం దాటి జీతానికి చేసినా అది పని కాకుండానే పోయింది.

సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కాబట్టి ఈ వలస గురించి ఆలోచించినప్పుడల్లా నాకు మొదట వచ్చే ప్రశ్న 'వీళ్ళ రాతలు ఏవి?' అని. కడప జిల్లా అనగానే కథల్లో, సినిమాల్లో, వార్తల్లో మనకు కనిపించేది కరువు, ఫ్యాక్షన్. పులివెందుల పేరు చెప్తే రాజకీయాలు తప్ప ఇంకేదీ గుర్తుకు రాకుండా చేసుకున్నాం. బాంబులు చుట్టిన మగవాళ్ళ చరిత్ర ఉంది. వాళ్ళ పిల్లల్ని ఇస్కూలుకు పంపడానికి ఎడారికి పోయిన ఆడవాళ్ళ చరిత్ర లేదు. చదువు రాని మనిషి ఉత్తరం రాయించుకోవాలంటే ఇంకొకరికి తన గుట్టు విప్పాలి. అందుకే అప్పట్లో గల్ఫ్ వెళ్ళినవాళ్ళు ఆడియో క్యాసెట్లలో మాట్లాడి ఊరికి వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళు. ఇంట్లోవాళ్ళు విని, అదే క్యాసెట్టు మీద తమ మాటలు నింపి తిరిగి పంపేవాళ్ళు. కొత్త మాట పాత మాటను చెరిపేసేది. మన ఆడవాళ్ళ వలస సాహిత్యం ఇలా పుడుతూనే చెరిగిపోయింది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. నాలుగు రోజుల తర్వాత ఆంక్షలు వచ్చాయి. ఇక్కడొక విషయం గమనించాలి. 661వ తీర్మానం ఇరాక్‌కు మాత్రమే వర్తించలేదు, ఆక్రమణలో ఉన్న కువైట్‌కూ వర్తించింది. ఎవర్ని విడిపించాలని ఆంక్షలు పెట్టారో ఆ ఊరికి కూడా సరుకు ఆగిపోయింది. మందులకు మినహాయింపు ఉంది. ఆహారానికి 'మానవతా పరిస్థితుల్లో' మాత్రమే మినహాయింపు ఉంది. మరి ఆ పరిస్థితి వచ్చిందని ఎవరు తేల్చాలి? ఆకలి వేసినవాళ్ళు కాదు. న్యూయార్క్‌లో కూర్చున్న ఆంక్షల కమిటీ.

అప్పటికి కువైట్‌లో ఉన్న భారతీయులు లక్షా డెబ్భై వేల మంది దాకా. చాలా కువైటీ కుటుంబాలు సరిహద్దు దాటి సౌదీకి పోయాయి. పనిమనిషిని వెంట తీసుకుపోయినవాళ్ళున్నారు, ఇంటికి కాపలాగా వదిలేసి పోయినవాళ్ళూ ఉన్నారు. అలా వదిలేసిన ఆడమనిషి దగ్గర పాస్‌పోర్టు లేదు, భాష అంతంతమాత్రం, వీధిలో సైనికులు. అంగట్లో సరుకు తగ్గిపోతోంది. తమ వాళ్ళకు తిండి పంపనివ్వమని భారతదేశం ఆంక్షల కమిటీని అడిగింది. సెప్టెంబరు 13న భద్రతామండలి 666వ తీర్మానం చేసింది. పదిహేనేళ్ళ లోపు పిల్లలను, గర్భిణులను, బాలింతలను, రోగులను, ముసలివాళ్ళను ప్రత్యేకంగా పట్టించుకోవాలని అందులో రాశారు. ఆ నెలలోనే 'విశ్వసిద్ధి' అనే మన నౌక ఆహారం తీసుకుని బయల్దేరింది. ఆగస్టు 6 నుంచి సెప్టెంబరు 13 దాకా లెక్కపెడితే ముప్ఫై ఎనిమిది రోజులు. ఆకలి ఉందా లేదా అని తేల్చడానికి అన్ని రోజులు పట్టింది. ఆ లోపల గర్భిణులు గర్భిణులుగానే ఉన్నారు, పిల్లలు పిల్లలుగానే ఉన్నారు. వాళ్ళు ఉన్నారని కాగితం మీదికి ఎక్కడానికే అంత ఆలస్యం.

తిండి చేరేలోపే చాలామంది బయల్దేరారు. కువైట్ నుంచి బస్రా, బస్రా నుంచి బాగ్దాద్, అక్కణ్ణించి జోర్డాన్ సరిహద్దు, ఆ ఎడారి శిబిరాల్లో ఎదురుచూపు, తర్వాత అమ్మాన్, అమ్మాన్ నుంచి విమానం. ఆగస్టు 13 నుంచి అక్టోబరు దాకా ఎయిర్ ఇండియా విమానాలు 488 సార్లు తిరిగి లక్షా పదకొండు వేల మందికి పైగా జనాన్ని తెచ్చాయి. ప్రపంచ రికార్డు అంటారు. నిజంగా గొప్ప పనే. దాని మీద సినిమా కూడా వచ్చింది. ఆ కథలో వీరులు వ్యాపారులు, విమాన చోదకులు, దౌత్యాధికారులు. పాస్‌పోర్టు లేని పనిమనిషి ఆ గుంపులో ఎక్కడ నిలబడిందో ఏ కథా చెప్పలేదు.

విమానం దిగాక బొంబాయి నుంచి మద్రాసు పోయే రైలు మార్గంలోనే ఉన్నాయి ముద్దనూరు, ఎర్రగుంట్ల, కడప స్టేషన్లు. ఏళ్ళ తరబడి కూడబెట్టింది చేతికి రాకుండానే వెనక్కి వచ్చినవాళ్ళకు ఇంటిదగ్గర ఎదురైంది అప్పు. వీసాకు తెచ్చిన అప్పు, టికెట్టుకు తెచ్చిన అప్పు. చేతిలో ఉన్న కువైట్ దీనార్లు కూడా అంతకుముందటి దీనార్లు కావు. ఇరాక్ ముందు కువైట్ దీనారును తన దీనారుతో సమానం చేసింది, తర్వాత అసలు చెల్లదంది. తీసుకున్నప్పుడు కట్టిన వడ్డీ మాత్రం చెల్లకుండా పోలేదు.

ఇలాంటప్పుడు ఆడవాళ్ళకు మిగిలేది మెడలో ఉన్నదే. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళు రాయలసీమ అంతటికీ తెలుసు. గల్ఫ్ సంపాదన నగగా మారేది ఇలాంటి వీధుల్లోనే, కష్టం వస్తే నగ తిరిగి నోటుగా మారేదీ ఇలాంటి వీధుల్లోనే. పేదింటి ఆడదానికి బంగారం మీద మోజు అని వెక్కిరించేవాళ్ళు అర్థం చేసుకోనిది ఒకటుంది. బ్యాంకు పుస్తకం మొగుడి పేరున ఉంటుంది, పొలం మామ పేరున ఉంటుంది, ఆమె పేరున ఉండేది ఒంటి మీద ఉన్నదే. తమాషా ఏమిటంటే, ఆ మరుసటేడాది మన ప్రభుత్వమూ ఇదే పని చేసింది. చమురు ధర పెరిగి, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు పడిపోయి, అంతకుముందున్న అప్పులు మీద పడి, 1991 జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశీ బ్యాంకుల్లో తాకట్టు పెట్టింది. దేశం తాకట్టు చరిత్రకెక్కింది. ఆడవాళ్ళ తాకట్టు చీటీలు వడ్డీ వ్యాపారి దగ్గరే ఉండిపోయాయి.

ఆంక్షల వల్ల దేశాలకు కలిగే నష్టాన్ని చెప్పుకోవడానికి ఐక్యరాజ్యసమితి నియమావళిలో 50వ అధికరణం ఉంది. ఇరాక్ ఆంక్షలతో నష్టపోయామని 21 దేశాలు దాని కింద అర్జీ పెట్టుకున్నాయి. అందులో భారత్ ఉంది, శ్రీలంక, బంగ్లాదేశ్, ఫిలిప్పీన్స్ ఉన్నాయి. చూస్తే ఇంటిపనికి ఆడవాళ్ళను పంపే దేశాలే ఇవి. కానీ అర్జీలో ఉండే లెక్కలు ఎగుమతులు, చమురు, విదేశీ మారకం. 'మా ఆడవాళ్ళ జీతాలు' 'విదేశీ మారకం' అన్న మాట కిందే కలిసిపోతాయి.

1991 ఏప్రిల్‌లో 687వ తీర్మానం వచ్చింది. యుద్ధం ముగిసింది గానీ ఆంక్షలు ముగియలేదు. ఆక్రమణ వల్ల నష్టపోయినవాళ్ళందరికీ ఇరాక్ పరిహారం ఇవ్వాలన్నారు. దానికోసం జెనీవాలో ఒక కమిషన్ పెట్టారు. మనిషి నేరుగా అడగడానికి లేదు, తన ప్రభుత్వం ద్వారా అడగాలి. దేశం విడిచి రావలసి వచ్చినందుకు ఒక్కొక్కరికి 2,500 డాలర్లు, ఇంకే నష్టమూ అడగనంటే 4,000 డాలర్లు. కుటుంబానికి 5,000 లేదా 8,000. పెద్ద కంపెనీల కంటే ముందు మామూలు మనుషులకు ఇవ్వాలని కమిషన్ నిర్ణయించడం మెచ్చుకోవలసిన విషయమే. అయితే దేశం విడిచి వచ్చినట్టు రుజువు కావాలి. జీతం బాకీలాంటివి అడగాలంటే ఇంకా ఎక్కువ రుజువులు కావాలి. నోటి మాట జీతానికి ఏ రుజువు పెట్టాలి? యజమానురాలి ఇంట్లో దాచుకున్న డబ్బుకు ఏ రసీదు చూపాలి? చిన్న దుకాణం పెట్టుకున్న మగవాడి నష్టానికి లెక్క కట్టే పద్ధతి ఉంది. ఇంటిపని మనిషికి ఇల్లు విడిచి వచ్చినట్టు మాత్రమే లెక్క.

ఆ డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందో అడిగితే ఈ కథ అసలు ముడి కనిపిస్తుంది. ఇరాక్ అమ్ముకోవడానికి వీల్లేకుండా ఆంక్షలున్నాయి. 1995లో 986వ తీర్మానం వచ్చి, 1996 డిసెంబరులో 'చమురుకు బదులు ఆహారం' పథకం మొదలయ్యాకే పరిహార నిధిలోకి డబ్బు ధారాళంగా రావడం మొదలైంది. చమురు అమ్మిన ప్రతి నూరు డాలర్లలో ముప్ఫై పరిహారానికి తీసేవాళ్ళు. మధ్య, దక్షిణ ఇరాక్ ప్రజల తిండికీ మందులకూ యాభై మూడు. ఉత్తరాన కుర్దుల ప్రాంతానికి పదమూడు. మిగిలింది ఐక్యరాజ్యసమితి ఖర్చులకు. 2000 చివర్లో ఆ ముప్ఫైని ఇరవై ఐదు చేశారు.

అంటే పులివెందుల దగ్గరి పల్లెకు తిరిగి వచ్చిన ఒక ఆడమనిషికి 2,500 డాలర్ల పరిహారం అందిందంటే, అది బస్రాలో రేషన్ వరసలో నిలబడ్డ ఒక ఆడమనిషి వాటాలోంచి వచ్చిందన్నమాట. ఈమె తీసుకున్నది తప్పు కాదు. ఆమెది న్యాయమైన బాకీ. ఆ బాకీ పడింది సద్దాం హుస్సేన్ సైన్యం వల్ల. వసూలు చేసింది మాత్రం అతని భవనాల్లోంచి కాదు, అతని పాలనలో నోరెత్తలేని జనం తిండి ఖాతాలోంచి. ఒకర్నొకరు ఎన్నడూ చూడని ఇద్దరు పేద ఆడవాళ్ళను ఆంక్షలు అప్పు ఇచ్చిన మనిషిగా, అప్పు పడిన మనిషిగా చేశాయి.

బస్రా మనిషి పరిస్థితి ఏమిటి? 1970ల చివర్లో ఇరాక్ పెద్ద ఎత్తున అక్షరాస్యతా ఉద్యమం నడిపింది, ఆడవాళ్ళు ఉపాధ్యాయులుగా, డాక్టర్లుగా, ఉద్యోగులుగా బయటికి వచ్చారు. ఆంక్షల కాలంలో ప్రభుత్వోద్యోగి నెల జీతం కొన్ని డాలర్ల విలువకు దిగిపోయింది. బస్సు ఖర్చుకు కూడా చాలని ఉద్యోగాలు మానేసి ఆడవాళ్ళు ఇళ్ళకు మళ్ళారు. ఆడపిల్లల చదువులు ముందు ఆగాయి. నీటిని శుద్ధి చేసే క్లోరిన్ లాంటి సరుకులు ఆయుధాలకూ పనికొస్తాయన్న అనుమానంతో అనుమతులు ఆలస్యమయ్యాయి. మురికి నీళ్ళను కాచి చల్లార్చే పని ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా? బాగ్దాద్ అంగళ్ళలో ఆడవాళ్ళు పెళ్ళినాటి నగలు అమ్ముకున్నారు. ప్రొద్దుటూరు తాకట్టు కొట్లకూ బాగ్దాద్ నగల వీధికీ మధ్య ఈ దారి ఏ పటంలోనూ ఉండదు.

పిల్లల చావుల లెక్క గురించి నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. 1999లో యూనిసెఫ్ ప్రకటించిన సర్వే ప్రకారం మధ్య, దక్షిణ ఇరాక్‌లో అయిదేళ్ళ లోపు పిల్లల మరణాలు వెయ్యికి 56 నుంచి 131కి పెరిగాయి. ఐదు లక్షల పిల్లలు చనిపోయారన్న మాట ప్రపంచమంతా తిరిగింది. అంత మూల్యం సరైనదేనా అని 1996లో ఒక టీవీ విలేఖరి అడిగితే, సరైనదేనని భావిస్తున్నామని మాడలిన్ ఆల్‌బ్రైట్ జవాబిచ్చింది. అమెరికాకు తొలి మహిళా విదేశాంగ మంత్రి కాబోతున్న మనిషి ఆమె. తర్వాత ఆ జవాబుకు చింతించింది కూడా. అయితే 2003 తర్వాత జరిగిన సర్వేల్లో అంత పెరుగుదల కనిపించలేదు. ఆ అంకెలను ఇరాక్ ప్రభుత్వమే వంకర తిప్పిందని 2017లో పరిశోధకులు తేల్చారు. ఆంక్షల్ని వ్యతిరేకించే మనం ఈ సంగతి దాచకూడదు. దాచాల్సిన అవసరమూ లేదు. ఐదు లక్షల శవాలుంటేనే బాధ బాధ అవుతుందా? నియంత పిల్లల శవాలతో ప్రచారం చేసుకున్నాడు, ఎదుటి పక్షం ఆ శవాలకు ధర ఒప్పుకుంది. బతికి ఉండి, నీళ్ళు కాచి, బడి మానిపించిన కూతురి మొహం చూడలేక తిరిగిన తల్లి ఈ రెండు లెక్కల్లోనూ లేదు. ఈ పథకాన్ని దగ్గరగా చూసినవాళ్ళు మాత్రం అంకెల కోసం ఆగలేదు. ఐక్యరాజ్యసమితి తరఫున బాగ్దాద్‌లో పనిచేసిన డెనిస్ హాలిడే 1998లో, హాన్స్ ఫాన్ స్పోనెక్, ప్రపంచ ఆహార కార్యక్రమం బాధ్యురాలు యుటా బుర్గార్ట్ 2000లో పదవులు వదులుకున్నారు.

ఇంతా చేసి ఆంక్షలు నియంతను బలహీనపరిచాయా? రేషన్ కార్డు అతని ప్రభుత్వం చేతిలో ఉంది. తిండి కోసం జనం ఆ చేతిని మునుపటికంటే గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది. అదే కాలంలో నలభై ఐదేళ్ళ లోపు ఆడవాళ్ళు మగతోడు లేకుండా దేశం దాటకూడదని అక్కడ ఆంక్ష పెట్టారు. ముప్ఫై ఏళ్ళు నిండని ఆడవాళ్ళు గల్ఫ్‌కు ఇంటిపనికి పోకూడదని మన ప్రభుత్వమూ నియమం పెట్టింది. ఉద్దేశం రక్షణే కావచ్చు. ఫలితం ఏమిటంటే, పోక తప్పని ఆడవాళ్ళు వయసు దిద్దుకుని ఏజెంటు చెప్పిన దారిలో పోయారు. దేశాల మధ్య పెట్టే ఆంక్ష ఇళ్ళల్లోకి వచ్చేసరికి ఆడవాళ్ళ మీద ఆంక్షగానే తేలుతుంది.

విముక్తి పొందిన కువైట్‌లోనూ ఖద్దామాకు విముక్తి రాలేదు. 1991 తర్వాత, తిట్లూ దెబ్బలూ అత్యాచారాలూ భరించలేక దాదాపు రెండు వేల మంది ఆసియా పనిమనుషులు యజమానుల ఇళ్ళనుంచి పారిపోయి రాయబార కార్యాలయాల్లో తలదాచుకున్నారని మిడిల్ ఈస్ట్ వాచ్ అనే సంస్థ 1992లో నివేదిక ఇచ్చింది. అయినా కడప జిల్లా నుంచి మళ్ళీ పోయారు. 1990లో తెచ్చిన అప్పు తీరాలంటే అప్పు తెచ్చిపెట్టిన చోటికే తిరిగి పోవాలి.

పరిహారం చెల్లింపులు 2022 మొదట్లో గానీ పూర్తి కాలేదు. మొత్తం 5,240 కోట్ల డాలర్లు. పదిహేను లక్షల మంది అర్జీదారులకు అందింది. చివరి చెల్లింపు వెళ్ళింది ఏ పనిమనిషికో కాదు, కువైట్ పెట్రోలియం సంస్థకు. 1990లో పుట్టిన ఇరాకీ ఆడపిల్లకు ముప్ఫై రెండో ఏడు వచ్చేదాకా ఆమె దేశం ఈ బాకీ కడుతూనే ఉంది. నాదీ ఇంచుమించు ఆ వయసే. నేను డాక్టరేట్ చేసిన ఏళ్ళలో ఆమె ఏం చదువుకోగలిగిందో అన్న ఆలోచన నన్ను వదలదు.

2022 డిసెంబరులో భద్రతామండలి 2664వ తీర్మానం చేసింది. సమితి పెట్టే ఆర్థిక ఆంక్షల్లో ఆస్తుల స్తంభన ఎక్కడున్నా మానవతా సాయానికి అది అడ్డు రాకూడదని చెప్పింది. ఆకలి ఉందని ముందు రుజువు చెయ్యాలి అన్న 1990 నాటి పద్ధతి నుంచి ఇంత దూరం రావడానికి ముప్ఫై రెండేళ్ళు పట్టింది. ఒక్కో దేశం సొంతంగా పెట్టే ఆంక్షలకు మాత్రం ఆ తీర్మానం వర్తించదు. అందుకని, ఫలానా దేశం మీద ఆంక్షలు అన్న వార్త చదివినప్పుడు మనం అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. అక్కడ నీళ్ళు మోసేదెవరు? రేషన్ వరసలో నిలబడేదెవరు? అక్కడి ఇళ్ళల్లో పనిచేస్తున్న పరాయి దేశపు ఆడవాళ్ళు ఎంతమంది, వాళ్ళ పాస్‌పోర్టులు ఎవరి దగ్గరున్నాయి? నష్టం లెక్క కట్టేటప్పుడు వాళ్ళ మాటను రుజువుగా తీసుకుంటారా?

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో ఆ క్యాసెట్లు ఇంకా కొన్ని ట్రంకుపెట్టెల్లో ఉండే ఉంటాయి. టేపు అతుక్కుపోకముందే, అందులో మాట్లాడినవాళ్ళు బతికి ఉండగానే, వాళ్ళను కూర్చోబెట్టి వినడం, వాళ్ళు ఒప్పుకుంటే రాసిపెట్టడం మన పని. అర్జీల ఫైళ్ళు జెనీవా దాకా వెళ్ళాయి. వాటిలో లేనిది ఇక్కడే ఉంది.